గెడ్డ ఒడ్డున మొదలయ్యే పీహెచ్‌డీ

జువాలజీ, ఫిషరీస్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో పీజీ చేస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగేది "పీహెచ్‌డీకి ఎక్కడ చేరాలి?" అని. "దేని మీద చేయాలి?" అన్నది ఆ తర్వాతెప్పుడో, గైడు దొరికాక వచ్చే మాట. అప్పుడు కూడా ఆయన ఏది చెబితే అదే. ఈ అధ్యాయంలో ఆ వరస తిరగేద్దాం. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఒక పరిశోధన రంగంలో ఢిల్లీ, బెంగళూరు పిల్లలకు లేని వెసులుబాటు ఉంది. ఆ రంగాన్ని ప్రవాహ జీవవైవిధ్య మోడలింగ్ అంటారు. పేరు బరువైనదే గాని పని ఏమిటో సులువుగానే చెప్పొచ్చు. ఏ గెడ్డలో (కొండవాగులో), ఏ మలుపులో, ఏ నెలలో ఏ చేప, ఏ పురుగు, ఏ నత్త ఉంటుంది, ఎందుకుంటుంది, రేపు నీరు తగ్గితే వాటిలో ఏది మిగులుతుంది అని లెక్క కట్టడమే ఆ పని. ప్రతి గెడ్డనూ ఎవరూ తిరిగి చూడలేరు. చూసిన కొన్నిటి నుంచి చూడనివాటి గురించి నమ్మదగిన అంచనా చెప్పడానికే మోడల్ కావాలి.

సీతంపేట కొండకు రెండు వైపులా

సీతంపేట కొండల మీద ఒకసారి నిలబడి చూడండి. పాలకొండ వైపు జారే గెడ్డల నీరు చివరికి నాగావళికి చేరుతుంది. కొత్తూరు, హిరమండలం వైపు జారేది వంశధారకు పోతుంది. రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవే. రెండింటి పొడవూ రమారమి 250 కిలోమీటర్లే. రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి, ఒకటి కళ్లేపల్లి దగ్గర, రెండోది కళింగపట్నం దగ్గర.

ఇటువైపు గెడ్డలో పుట్టిన తూనీగ రెక్కలొచ్చాక కొండ దాటి అటువైపు గెడ్డ మీద వాలగలదు. అదే గెడ్డలో ఉన్న పరిగె అటు వెళ్లాలంటే నాగావళిలోకి దిగి, సముద్రం దాకా పోయి, ఉప్పునీళ్లు ఈది, కళింగపట్నం దగ్గర వంశధార ఎక్కి రావాలి. మంచినీటి చేపకు అది అయ్యే పని కాదు. మ్యాపు మీద ఆ రెండు గెడ్డలూ పక్కపక్కనే ఉంటాయి. చేప లెక్కలో వాటి మధ్య దారే లేదు. అడవి జంతువుల కోసం తయారైన మోడల్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఏటికి పెడితే తేడా కొట్టేది ఇక్కడే. అందులో దూరాన్ని కాకి ఎగిరినట్టు కొలుస్తారు. ఏటిలో దూరాన్ని నీటి వెంట కొలవాలి. పైగా నీరు ఒకే వైపు పోతుంది కాబట్టి పైన జరిగింది కిందికి చేరుతుంది. ఆనకట్ట కట్టిన చోట కింద జరిగిన పని ప్రభావం పైకి కూడా పాకుతుంది, ఎందుకంటే ఎదురెక్కే చేపకు అక్కడ దారి మూసుకుపోతుంది. తోటపల్లి, నారాయణపురం, గొట్టా, మడ్డువలస అన్న పేర్లు రైతుకు సాగునీటి పేర్లు. పరిశోధకుడి చేతిలో అవే నాలుగు ప్రశ్నలవుతాయి. పాములా పొడవుగా ఉండే మలుగు సముద్రంలో గుడ్లు పెట్టి, పిల్లగా ఉన్నప్పుడు ఏరెక్కి పైకొచ్చే చేప. ఆనకట్టలకు పైనున్న ఊళ్లలో అది వలలో పడుతోందా, పూర్వం పడేదా? ఈ ఒక్క సంగతి తేల్చినా మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు అవుతుంది.

ఇక నదుల అనుసంధానం సంగతి చూడండి. హిరమండలం రిజర్వాయర్‌లోని వంశధార నీటిని నారాయణపురం ఆనకట్ట దగ్గర నాగావళికి చేర్చే కాలువ పథకం గురించి పేపర్లలో చదివే ఉంటారు. నీటితో పాటు చేప పిల్లలు, గుడ్లు, నత్తలు, కలుపు మొక్కలు కూడా కాలువ పట్టి వస్తాయి. ఎన్నో యుగాలుగా వేరుగా ఉన్న రెండు నదుల జీవాలు కలిస్తే ఏమవుతుందన్నది ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్తకైనా ఆసక్తి పుట్టించే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు, కలవక ముందు ఏ నదిలో ఏమున్నాయో రాసి ఉండాలి. ఆ రాతకు కాలం దాటిపోతే ఆ అవకాశం మళ్లీ దొరకదు. నన్నడిగితే ఈ మూడు జిల్లాల పిల్లలకు ఇంతకంటే పెద్ద అవకాశం ఇంకోటి లేదు.

ఇలా రాసిపెట్టడం మనవైపు కొత్తేం కాదు. విశాఖపట్నంలో ఉండి చేపల్ని అధ్యయనం చేసిన ప్యాట్రిక్ రస్సెల్, రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. అందులో ఇక్కడి జాలర్ల నోట విన్న పేర్లను కూడా ఎక్కించాడు. ఆ పుస్తకం ధ్యాస సముద్రం మీద. కొండ గెడ్డల దాకా ఆ శ్రద్ధ రావలసే ఉంది.

ప్రశ్నలకేం, కావలసినన్ని ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార, మహేంద్రతనయ, బాహుదలు పొంగాయి. అంత వరద గెడ్డ అడుగునున్న రాళ్లనే దొర్లించేస్తే, రాళ్ల కింద బతికే పురుగులు మళ్లీ ఎక్కడి నుంచి వచ్చి చేరతాయి? కొమరాడ మండలంలో ఝంఝావతి మీద 2006లో కట్టిన రబ్బరు డ్యామ్‌కు ఎగువన, దిగువన తేడా ఎంత? మే నెలలో గెడ్డ ఎండి అక్కడక్కడా మడుగులే మిగిలినప్పుడు వాటిలో ఎవరు తలదాచుకుంటారు? ఇలాంటి ఎండిపోయే ఏరుల మీద ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా దృష్టి ఉంది. పాత సిద్ధాంతాల్లో చాలా వరకు ఏడాది పొడుగునా పారే చల్లని దేశాల నదుల మీద పుట్టినవి. 1980లో వానోట్, ఆయన సహచరులు ప్రతిపాదించిన నదీ నిరంతరత సిద్ధాంతం అలాంటిదే. పుట్టుక దగ్గర చెట్ల నీడలో రాలిన ఆకులు తినే పురుగులు ఎక్కువగా ఉంటాయని, కిందికి వచ్చే కొద్దీ రాళ్ల మీద పాచి గీకి తినేవి, నీళ్లలో తేలివచ్చే నలుసుల్ని వడకట్టి తినేవి పెరుగుతాయని దాని సారాంశం. నాలుగు నెలలు పొంగి, నాలుగు నెలలు పారి, నాలుగు నెలలు ఎండే గెడ్డలో అది నిలుస్తుందా? పుస్తకంలో వెతక్కండి, దిగి చూడండి.

"కనబడలేదు" అని రాయడం

ఈ రంగంలో మొదటి పాఠం ఇదే. దీన్ని ఎంత సాగదీసి చెప్పినా తక్కువే.

మీరు ఒక గెడ్డలో అరగంట వెతికారు. స్టోన్‌ఫ్లై పిల్లపురుగు కనబడలేదు. నోట్‌బుక్‌లో ఏం రాస్తారు? చాలామంది ఏమీ రాయరు. దొరికినవే రాసుకుని ఇంటికొస్తారు. వెతికాను, దొరకలేదు అని రాసిన సున్నాకు, అసలు వెతకనే లేదన్న ఖాళీకి చాలా తేడా ఉంది. సున్నా ఉంటే మోడల్ నడుస్తుంది. ఖాళీతో అది ముందుకు కదలదు.

రెండో మెట్టు ఇంకా ఆసక్తికరం. దొరకలేదంటే లేదని అర్థమా? ఒక పురుగు ఆ గెడ్డలో నిజంగా ఉన్నా, ఒకసారి వెతికితే దొరికే అవకాశం పదింట నాలుగనుకుందాం. అంటే తప్పించుకునే అవకాశం 0.6. మూడుసార్లు వెళ్లినా మూడుసార్లూ తప్పించుకునే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే దాదాపు 22 శాతం. అయిదుసార్లు వెళ్తే అది 8 శాతానికి దిగుతుంది. ఒకే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్లి ఉంది, లేదు అని రాసుకున్న పట్టిక నుంచి, అసలు ఉనికి ఎంత, మన కంటికి చిక్కే అవకాశం ఎంత అన్న రెండింటినీ విడదీసి లెక్కకట్టే పద్ధతిని ఆక్యుపెన్సీ మోడలింగ్ అంటారు. 2002లో మెకంజీ బృందం ప్రచురించిన వ్యాసంతో ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మన దేశంలో పులుల మీద దీన్ని విరివిగా వాడారు. పులికి పనికొచ్చిన లెక్క పీతకూ పనికొస్తుంది, ఖర్చు మాత్రం ఎంతో తక్కువ.

కాబట్టి ముప్ఫై గెడ్డలకు ఒక్కోసారి వెళ్లాలా, పది గెడ్డలకు మూడేసి సార్లా అని తటపటాయిస్తుంటే, మొదటిసారి పనిచేసేవారికి నా సలహా రెండోదే. అంచనా ఎంత గట్టిదో మీకే తెలిసొస్తుంది.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. వెదురు చట్రానికి నైలాన్ జాలీ కుట్టించుకోండి. ప్రామాణికంగా అరమిల్లీమీటరు కన్నాల వల వాడతారు. దోమతెర కన్నాలు అంతకంటే పెద్దవి కాబట్టి చిన్న పురుగులు జారిపోతాయి. దోమతెరే దొరికితే అదే వాడండి, కాని ఆ సంగతి రాసిపెట్టి చివరిదాకా అదే వల వాడండి. వల దిగువన పట్టుకుని, ఎగువ రాళ్లను కాళ్లతో నిర్ణీత సమయం కదిపితే కొట్టుకొచ్చిన పురుగులు వలలో పడతాయి. వాటిని తెల్ల ప్లాస్టిక్ ట్రేలో నీళ్లు పోసి వదిలితే కదలికే పట్టిస్తుంది. ఇసుక రేణువుల్ని గూడుగా అతికించుకుని అందులో దాక్కునేది కాడిస్‌ఫ్లై పిల్ల. రెండు తోకలుంటే స్టోన్‌ఫ్లై, సాధారణంగా మూడుంటే మేఫ్లై. ప్రాణవాయువు తగ్గిన మురికినీటిలో ఎర్రటి సన్నని కైరోనమిడ్ పురుగులు గుంపుగా కనిపిస్తాయి. ఆ ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌దే.

నీటి వేగానికి మీటరు లేకపోతే బత్తాయి తొక్క వదలండి. పది మీటర్లు 20 సెకన్లలో పోతే పైనీటి వేగం సెకనుకు అరమీటరు. అడుగున నీరు నెమ్మది కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగానికి దగ్గరగా వస్తుంది. లోతు, వెడల్పు, రాయా ఇసుకా, చెట్ల నీడ ఎంత, నీటి ఉష్ణోగ్రత, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు ప్రతిసారీ రాయండి, ఒకే వరసలో. ఒక హెచ్చరిక కూడా. పైన రాయగడ వైపు గట్టి వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరగొచ్చు. ఒంటరిగా దిగకండి. రిజర్వ్ అడవిలో వల వేయాలంటే ముందే అటవీశాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అది లేకపోతే తర్వాత మీ డేటాను అచ్చు వేయడానికి పత్రికలు ఒప్పుకోకపోవచ్చు.

ఊరి పెద్దల దగ్గర కూర్చోవడం కూడా ఫీల్డ్ వర్కే. "తాతా, ఇక్కడ బొమ్మిడాయి పడుతుందా?" అంటే, "మా చిన్నప్పుడు పడీవి బాబూ, ఇప్పుడేటున్నాయి" అనొచ్చు. అక్కడితో సరేనని లేచిపోకండి. ఏ ఏడాది నుంచి, ఏ మడుగులో, ఏ వలలో, ఏ వరద తర్వాత అని అడగండి. సవర, జాతాపు ఊళ్లలో గెడ్డ గురించి తెలిసినంత ఏ ప్రయోగశాలలోనూ తెలియదు. వాళ్లు చెప్పింది వాడుకున్నప్పుడు వ్యాసంలో ఆ ఊరి పేరు, ఆ సహాయం చెప్పడం కనీస ధర్మం.

రంగురంగుల మ్యాపుల మీద నాకున్న అనుమానం

ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నదుల అల్లికకు హైడ్రోషెడ్స్, వాతావరణానికి వరల్డ్‌క్లిమ్, జీవుల నమోదులకు జీబీఐఎఫ్, ఉపగ్రహ పటాలకు హైదరాబాదు ఎన్ఆర్ఎస్‌సీ వారి భువన్ ఉన్నాయి. వీటిని కూడా ఇంట్లో కూర్చుని డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఈ సౌకర్యం వల్లే ఒక జబ్బు కూడా వచ్చింది. పది పన్నెండు నమోదులు దించుకుని, మాక్సెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఎరుపు పసుపు మ్యాపు తీసి, 2070లో ఈ జాతి ఎక్కడుంటుందో చెప్పేస్తున్నారు. ఆ నమోదుల చుక్కల్ని రోడ్ల మ్యాపు మీద పెట్టి చూడండి, చాలామటుకు రోడ్ల వెంటే, పట్నాల చుట్టూనే ఉంటాయి. అప్పుడా మ్యాపు జంతువు ఉండే చోటు కంటే మనుషులు తిరిగిన చోటునే ఎక్కువగా చెబుతుంది. దీన్ని గుర్తుపట్టగలిగిన విద్యార్థి ఆ మ్యాపు వేసినవాడి కంటే ముందున్నట్టే.

బ్రిటన్‌లో 1970ల చివర్లో మొదలై రివ్‌ప్యాక్స్‌గా పేరుపడిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. పాడవని ఏరులను ముందు చూసి, ఇలాంటి నేల, ఇంత వాలు, ఇంత లోతు ఉన్న చోట ఏయే పురుగుల కుటుంబాలు ఉండాలో మోడల్‌తో అంచనా వేస్తారు. తర్వాత అనుమానం ఉన్న ఏటికి వెళ్లి నిజంగా ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఇరవై ఉండాల్సిన చోట పదే ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. కలెక్టరుకైనా సర్పంచికైనా ఆ లెక్క ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మన తూర్పు కనుమల గెడ్డలకు అలాంటిది కావాలంటే ముందు పాడవని గెడ్డల జాబితా కావాలి. దాన్ని తయారు చేయగలిగేది ఇక్కడ తిరిగిన మనిషే.

గణితం భయమా? లాజిస్టిక్ రిగ్రెషన్ ఒక్కటి గట్టిగా అర్థమైతే ఆక్యుపెన్సీ సగం వచ్చినట్టే. అది కాక స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసిన స్నేహితుణ్నో, సివిల్ ఇంజనీరింగ్‌లో హైడ్రాలజీ చదివిన చెల్లెల్నో కూడా కూర్చోబెట్టుకోండి. ఈ రంగంలో జంటగా చేసేవే మంచి పనులు. నాగావళి ప్రవాహాన్ని శ్రీకాకుళంలో, వంశధార ప్రవాహాన్ని ఒడిశాలోని కాశీనగర్‌లో కేంద్ర జల సంఘం కొలుస్తోంది. ఆ అంకెల భాష మీ జోడీకి తెలుసు, పురుగుల భాష మీకు తెలుసు.

తలుపులు ఎక్కడున్నాయి

దగ్గర్లో ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలో 1926 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. బరంపురం దాటగానే గోపాల్‌పూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి ఎస్చురీ జీవశాస్త్ర కేంద్రం, హైదరాబాదులో వాళ్లదే మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉన్నాయి. పురుగును జాతి దాకా గుర్తించడం అక్కడివాళ్ల విద్య. నెల రోజుల ఇంటర్న్‌షిప్‌కైనా ప్రయత్నించండి. మోడలింగ్, ఎకాలజీ కోసమైతే తిరుపతి ఐసర్, బెంగళూరులో ఐఐఎస్‌సీ ఎకలాజికల్ సైన్సెస్ కేంద్రం, ఎన్‌సీబీఎస్, ఏట్రీ, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ చూడాలి.

ప్రవేశానికి సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, యూజీసీ నెట్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ అన్న మూడు దారులు ఉన్నాయి. మనవైపు చాలామందికి మూడోదొకటుందనే తెలియదు. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలోని పిల్లలు దీన్ని డిగ్రీ రోజుల నుంచే గుర్తుపెట్టుకోవాలి.

అమెరికా సంగతి వేరు. అక్కడ ఎకాలజీ పీహెచ్‌డీలో చాలాచోట్ల ముందు ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, తర్వాతే దరఖాస్తు. అసిస్టెంట్‌షిప్ వస్తే ఫీజు మాఫీ, నెలనెలా భత్యం రెండూ ఉంటాయి, ఎంఎస్ చదువుల అప్పుల గోల ఉండదు. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి మొదట్లో ముగుస్తాయి కాబట్టి ఉత్తరాలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడాలి.

ఆ ఉత్తరం ఎలా ఉండాలి? "గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మక ప్రయోగశాలలో పనిచేయడం నా చిన్ననాటి కల" అని మొదలైతే రెండో వాక్యం చదవరు. ఇలా ఉంటే చదువుతారు: "నాగావళి ఉపనదుల్లో పది చోట్ల, ఒక్కోచోట మూడేసి సార్లు కాడిస్‌ఫ్లై పిల్లపురుగుల కోసం వెతికాను. వేసవిలో ఎండే గెడ్డల్లో కూడా అవి నవంబరుకల్లా తిరిగి కనిపిస్తున్నాయి. మీ వ్యాసంలో తిరిగి చేరడానికి ఎక్కువ కాలం పట్టింది. కొండకు అటువైపు నుంచి ఎగిరి వస్తున్నాయేమోనని నా అనుమానం. పట్టిక జతచేశాను. దీన్ని తేల్చే మోడల్ నేర్చుకోవాలని ఉంది." ఆరేడు వాక్యాలు. మార్కుల ప్రస్తావన చివర్లో, ఒక్క ముక్కలో. పట్టికలో సున్నాలు కనిపిస్తే తెలిసినవాళ్లకు మీ మీద గురి కుదురుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, ఉన్నదున్నట్టే రాయండి. పురుగుల్ని స్పిరిట్ సీసాల్లో పెట్టి పంపుతానని మాత్రం మాటివ్వకండి. నమూనాలు దేశం దాటాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి.

జవాబు రాకపోతే మూడు వారాలాగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. ఈలోగా ఫోటోలు, నమోదులు ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెట్టండి, తేదీతో సహా మీ పేరు మీద ఉంటాయి. ఒక ప్రతి మీ పంచాయతీలో ఇవ్వండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ఒక కమిటీ వేసి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయించాలి. మీ గెడ్డ చేపలు, పురుగులు ఏ నెలలో ఏ మడుగులో కనిపించాయో, ఊళ్లో వాటిని ఏమని పిలుస్తారో రెండు పేజీల్లో అందులో చేర్పించండి. సంగతులు చెప్పిన తాతలు సరేనంటే వాళ్ల పేర్లు కూడా రాయండి.